పద్మనాభం కొండకింద పచ్చటి మడుగు

పద్మనాభం అనగానే చరిత్ర చదువుకున్నవారికి 1794 జూలై 10వ తేదీ గుర్తుకు వస్తుంది. పేష్కషు బకాయిల తగాదాలో విజయనగరం ప్రభువు విజయరామరాజుగారు కుంఫిణీ సైన్యాన్ని ఎదిరించి నేలకొరిగింది ఇక్కడే. భక్తుల దృష్టి వేరు. వారికి కొండకింద కుంతీమాధవస్వామి, కొండమీద అనంతపద్మనాభస్వామి, నడుమ 1,200 పైచిలుకు మెట్లు. నా మనసులో మాత్రం ఈసారి గోస్తనీ నది నిలిచిపోయింది.

కార్తీక బహుళ అమావాస్యనాడు ఈ మెట్లమీద దీపోత్సవం జరుగుతుంది. జనం తాకిడికి జడిసి నేను మరునాడు వెళ్ళాను. మెట్లమీద నూనె జిడ్డు ఇంకా ఆరలేదు. సగం ఎక్కేసరికి మోకాళ్ళు మొరాయించాయి. ఊడ్చేవాళ్ళు ప్రమిదలు ఒకవైపు, నూనె పాకెట్లు, నీళ్ళ సీసాలు మరొకవైపు పోగుచేసి గోతాల కెత్తుతున్నారు. పాపం, ఎంత ఎత్తినా గాలికి ఎగిరి పొదల్లో చిక్కుకున్నవి చిక్కుకునే ఉన్నాయి. వానపడితే అవి ఎక్కడికి పోతాయో పైనుంచి చూస్తేనే తెలుస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లో దూరి, తాటిపూడి జలాశయంలో కాస్త ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తనీ ఆ పొలాల వెంబడే పోతోంది.

దిగి నదివైపు నడిచాను. పాయ పక్కన నిలవనీటి మడుగు. నీటిమీద పెసరబద్దంత ఆకులు సందు లేకుండా పరుచుకున్నాయి. ఒకదాన్ని వేలికొనతో ఎత్తి చూస్తే కింద దారపుపోగులాంటి వేరు వేలాడుతోంది.

“ఏటి బాబూ, అలగ సూస్తన్నారు? మా బాతుల మేతది” అన్నాడు గట్టుమీది ముసలాయన.

ఆ వేరు సంగతే చెప్పాలి. ప్లాస్టిక్కు కుళ్ళదు. ఎండకు పెళుసెక్కి ముక్కలవుతుంది, ఆ ముక్కలు మళ్ళీ ముక్కలవుతాయి. 5 మిల్లీమీటర్ల లోపు వాటిని మైక్రోప్లాస్టిక్కు అంటున్నారు. మన పాలియెస్టరు చీరలు ఉతికినప్పుడు రాలే నూగు కూడా ఇందులోదే. 2017లో స్లొవేనియా శాస్త్రజ్ఞులు ఈ కుటుంబానికి చెందిన మొక్కనే తీసుకుని, ముఖం రుద్దుకునే సరుకుల్లో వేసే పాలిథీను పూసలు కలిపిన నీటిలో పెంచి చూశారు. ఆకుల పెరుగుదల తగ్గలేదు. పచ్చదనమూ తగ్గలేదు. వేళ్ళు మాత్రం కురచబడ్డాయి! పూసలు అడ్డుపడి వేరును ఎదగనివ్వలేదు. అంచులు వాడిగా ఉన్నవైతే వేరులోని జీవకణాలనే దెబ్బతీశాయి. నున్నటి పూసలు ఆ పని చేయలేదు.

2019లో హాలెండువారు నీటి అడుగు బురదలో ప్లాస్టిక్కు కలిపి చూస్తే ఒక జాతి మొక్కకు ప్రధానకాండం పొడవు తగ్గింది. అయితే వారు వాడిన పెద్ద మోతాదులు మామూలు నదుల్లో ఉండవు కనుక రేపే మడుగులన్నీ ఎండిపోతాయని బెంగపడనక్కరలేదు. నన్ను కలవరపెట్టింది ఆ పచ్చదనమే. ఆకు పండుబారితే రైతు ఇట్టే కనిపెడతాడు. ఆకు నవనవలాడుతూ వేరు కురచబడితే కనిపెట్టే దెవరు? బాతులకు మేత, చేపపిల్లలకు నీడ అయిన మొక్క అది.

2022 జూలై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్కు పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు నిషేధించారు. మంచిదే. నూనె పాకెట్లు, నీళ్ళ సీసాలు ఆ జాబితాలో లేవు. నేను మెట్లమీద చూసినవి ఆ రెండే.

ముసలాయన ఒక బాతును దగ్గరకు తీసి, ముక్కుకు చుట్టుకున్న పాలిథీను పీలికను లాగి గట్టుమీద పడేశాడు.

“మా సిన్నప్పుడు మరసెంబుల్తో నూనె తెచ్చీవోరు బాబూ, దీపాలకి” అంటూ కర్ర అందుకుని బాతులను అదిలించాడు. పీలిక గాలికి కదిలి గట్టు అంచుకు వచ్చింది. తీసి జేబులో వేసుకున్నాను.