చూసి రావడానికి

మా కోనసీమలో పాస్‌పోర్టు అంటే గల్ఫ్. అమలాపురం బస్టాండులోనో, రాజోలు సెంటర్లోనో ఎవరి చేతిలోనైనా ఆ నీలం పుస్తకం కనబడితే ఎక్కడికని అడగరు. కువైటా, మస్కటా అని అడుగుతారు. ఇళ్ళల్లో వంటకీ, పిల్లల్ని సాకడానికీ వెళ్ళే ఆడవాళ్ళు, డ్రైవర్లుగా వెళ్ళే మగవాళ్ళు, దళితులు, బీసీలు, ముస్లింలు, ఈ లంకల్లోంచి ఏళ్ళ తరబడి వెళ్తూనే ఉన్నారు. తాటాకిల్లు డాబా అయిందంటే దాని వెనక ఎవరో ఒక అమ్మ పదేళ్ళు పిల్లలకి దూరంగా ఉందని అర్థం. మా సాయిబుల ఇళ్ళకి ఇంకో ప్రయాణం కూడా ఉంది. హజ్, లేదంటే ఉమ్రా. అంటే మాకు తెలిసిన విదేశాలు రెండే. ఒకటి రోజీ కోసం, ఒకటి రబ్బు కోసం. ఊరికే చూసి రావడానికి వెళ్ళడమనేది మా ఇళ్ళల్లో లెక్కలోకి రాని మాట.

మాకు ఈ మధ్యే నిఖా అయింది. మాలో ఒకరికి నలభై మూడేళ్ళు, ఒకరికి ముప్పై తొమ్మిది. ఒకరిది పత్రికా ఉద్యోగం, ఒకరిది బళ్ళో టీచరు ఉద్యోగం. ఒకరికి చెల్లెళ్ళ నిఖాలు అయ్యేసరికి తల నెరిసింది. ఇంకొకరికి వచ్చిన సంబంధాలన్నీ జోడే కీ రకమ్ దగ్గర ఆగిపోయాయి. ఇంత ఆలస్యంగా కలిసినవాళ్ళం కదా, దావత్ చిన్నగా చేసుకుని, మిగిలిన డబ్బుతో పది రాత్రులు యూరపు చూసి రావాలనుకున్నాం. ఆమ్‌స్టర్‌డామ్ మూడు రాత్రులు, పారిస్ నాలుగు, కొర్దోబా రెండు, తిరిగి విమానమెక్కే ముందు మాడ్రిడ్‌లో ఒకటి.

ఈ మాట బయటికి రాగానే ఖాలా అంది: "ఇత్తే పైసోఁ మే ఉమ్రా హో జాతా థా నా, బేటా!" పక్కింటి కాపుగారు అరుగు మీంచి కేకేశారు: "ఆయ్, పారిసు ఎల్తన్నారంటగదండీ! అక్కడ మీవోళ్ళెవరన్నా ఉన్నారేంటండీ?" టిక్కెట్లు అమ్మే ఒక ఏజెంటు మా పేర్లు వినగానే గల్ఫ్ ఫారాలు తీశాడు. కాదు, చూడ్డానికని చెబితే మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, "చూడ్డానికే?" అన్నాడు.

వీళ్ళెవరికీ మా మీద కోపం లేదు. ఖాలాది ప్రేమ. కాపుగారిది కుశల ప్రశ్న. ఏజెంటుది రోజూ చూసే అనుభవం. కానీ మూడు మాటలూ కలిపి చూస్తే మాకొక సంగతి అర్థమైంది. ముస్లిం కదిలాడంటే దానికొక కారణం ఉండి తీరాలి. కూలో, దువానో, లేదంటే "మీవోళ్ళో". కుతూహలం మాకు కేటాయించని సరుకు.

మా రెండు భాషల్నే తీసుకోండి. తెలుగులో తొలి యాత్రాచరిత్ర అనగానే అందరికీ ఏనుగుల వీరాస్వామి గుర్తొస్తారు. 1830-31లో కాశీకి వెళ్ళొచ్చి రాశారు. 1838లో అచ్చయింది. ఉర్దూలో తొలి యాత్రాచరిత్రగా చెప్పుకునేది 'అజాయిబాతె ఫరంగ్'. రాసింది హైదరాబాదువాడైన యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్. 1837లో కలకత్తాలో ఓడెక్కి ఇంగ్లండు, ఫ్రాన్సు తిరిగొచ్చాడు. 1847లో అది అచ్చయింది. ఆయన ఆ దేశాలకి కూలికి పోలేదు, కొలువుకి పోలేదు. చూడాలనిపించి పోయాడు. బళ్ళో మాకు వీరాస్వామి పేరు చెప్పారు, మంచిదే. కంబల్‌పోష్ పేరు మాత్రం ఏ బళ్ళోనూ వినలేదు. ఇంట్లో మాట్లాడుకునే భాషలో మా పూర్వీకుడొకడు దాదాపు రెండొందల ఏళ్ళ కిందటే పారిస్ చూసొచ్చాడని తెలిసి ఉంటే, "చూడ్డానికే?" అన్న మాటకి అంతగా నొచ్చుకునేవాళ్ళం కాదేమో.

ఇక కాగితాలు. షెంజెన్ వీసా అంటారు. షెంజెన్ అన్నది లక్జెంబర్గ్‌లో మోజెల్ నది ఒడ్డునున్న ఒక చిన్న ఊరు. 1985 జూన్ 14న ఆ నదిలో ఒక పడవ మీద కూర్చుని అయిదు దేశాలవాళ్ళు తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేద్దామని సంతకాలు చేశారు. ఇప్పుడందులో 29 దేశాలున్నాయి. ఒక్క వీసాతో అన్నీ తిరగొచ్చు. రేవులూ పంట్లూ తెలిసినవాళ్ళం కాబట్టి ఆ పడవ సంగతి మాకు నచ్చింది. లోపల గోడలు లేని ఇల్లే, వీధి గుమ్మం మాత్రం ఇరుకు.

ఎక్కడ ఎక్కువ రాత్రులుంటే ఆ దేశానికి దరఖాస్తు పెట్టాలి. మాకు పారిస్ నాలుగు రాత్రులు కాబట్టి ఫ్రాన్సు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, పదిహేను రోజుల్లోపు మాత్రం కుదరదు. మనిషికి 90 యూరోల రుసుము, వీసా ఇవ్వకపోయినా తిరిగి రాదు. 30,000 యూరోల వైద్యబీమా ఉండాలి. బ్యాంకు లెక్కలు, జీతం కాగితాలు, పడుకునే ప్రతి రాత్రికీ చిరునామా, సర్కారు ఉద్యోగికి పై ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం. తిరిగి వస్తామని రుజువు చేయడమే ఇందులో అసలు పని. నలభై ఏళ్ళుగా ఈ కాలవగట్టు వదలనివాళ్ళం, ఇక్కడికి తిరిగి వస్తామని రుజువు చూపించాలి!

నిఖానామా ఉర్దూలో ఉంది. దాన్ని ఫ్రాన్సువాళ్ళు చదవలేరు సరే, మన ఆఫీసులో గుమాస్తా కూడా చదవలేకపోయాడు. అందుకని వివాహ రిజిస్ట్రేషన్ చేయించాం. అక్కడ పేర్ల గొడవ మొదలైంది. పదో తరగతి సర్టిఫికెట్లో షేక్ అన్నది రెండక్షరాల పొట్టిపేరు. ఆధార్‌లో పూర్తిగా ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలోకెక్కింది. అంటే అమలాపురం నుంచి కొత్తపేట దాకా ఉన్న షేకులందరం ఒకే ఇంటివాళ్ళమని ఫ్రాన్సువాళ్ళు అనుకోవచ్చు. ఇంకొకరి పేరు ముందు మహమ్మద్ ఉంది. ఆడమనిషికి ఆ పేరేమిటని ఒకచోట అడిగారు. నిఖా అయింది కదా, భర్త పేరు తగిలించుకుంటే సులువని ఒకాయన సలహా ఇచ్చాడు. మేమిద్దరం ఒకే మాట మీద ఉన్నాం. నిఖా అయితే తండ్రి పేరు పోవాలని మా మతం చెప్పలేదు, పాస్‌పోర్టు చట్టమూ చెప్పలేదు. రెండు పేర్లూ అలాగే ఉన్నాయి. అఫిడవిట్లు మాత్రం మూడయ్యాయి.

సంచిలోకి ఈ కాగితాలు సర్దుతున్నప్పుడు యానాం గుర్తొచ్చింది. ఎదుర్లంక వారధి దాటితే యానాం. 1723లో ఫ్రెంచివాళ్ళు మొదటిసారి దిగిన ఊరు, 1954 దాకా వాళ్ళ ఏలుబడిలో ఉన్న ఊరు. 1929లో శారదా చట్టం వచ్చాక బాల్యవివాహాలు చేసేవాళ్ళు ఇటునుంచి యానాం వెళ్ళి చేసుకొచ్చేవారు. బ్రిటిషు చట్టం అక్కడ చెల్లదు కదా. దానికి కల్యాణపురమని పేరే పడింది. అప్పట్లో తప్పుడు పెళ్ళికి ఫ్రాన్సు నేల మీదకి గోదారి దాటి పోతే సరిపోయేది. ఇప్పుడు సరైన నిఖా చేసుకుని ఫ్రాన్సు పోవాలంటే ఇన్ని కాగితాలు.

కాపుగారి ప్రశ్నకి జవాబు మాకు ఇక్కడే దొరకడం మొదలైంది. అక్కడ మావాళ్ళున్నారా అన్నారు కదా. 1962లో యానాం, పుదుచ్చేరి అప్పగింత ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు కోరుకున్నవాళ్ళకి ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకునే వీలిచ్చారు. అలా ఫ్రెంచివాళ్ళైన గోదారివాళ్ళు మావాళ్ళే కదా. సఖినేటిపల్లి రేవులో పంటెక్కితే నర్సాపురం, దాని పక్కనే మాధవాయపాలెం. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ అక్కడ వర్తకస్థావరం పెట్టుకుంది. అక్కడి నూలుబట్ట ఊరి పేరుతోనే యూరపంతా పాకింది. ఫ్రెంచి నిఘంటువులో మాడపోలమ్ అన్న మాట ఇప్పటికీ ఉంది. పాలకొల్లులో డచ్చివాళ్ళు గిడ్డంగులు పెట్టారు. కోరమండల్ తీరపు అద్దకం బట్టలు ఆమ్‌స్టర్‌డామ్ రిక్స్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ నూలు వడికినవాళ్ళు, నేసినవాళ్ళు, అద్దినవాళ్ళు ఏ మతంవాళ్ళయినా మావాళ్ళే. వాళ్ళ చేతిపని మూడొందల ఏళ్ళ కిందటే వీసా లేకుండా వెళ్ళింది. మేమిప్పుడు దాన్ని పలకరించడానికి వెళ్తున్నాం.

కాపుగారు అడిగిన అర్థంలోనూ మావాళ్ళున్నారు. 1964లో టర్కీతో, 1969లో మొరాకోతో ఒప్పందాలు చేసుకుని డచ్చి సర్కారు కూలీలను రప్పించుకుంది. కొన్నాళ్ళు పనిచేసి పోతారనుకున్నారు, వాళ్ళు స్థిరపడ్డారు. వాళ్ళ మనవలు ఇప్పుడు అక్కడి పౌరులు. వాళ్ళనీ అనుమానంగా చూసేవాళ్ళున్నారు, అయినా ఓటుంది. మా కోనసీమ బీబీ ముస్లిం దేశమైన కువైట్‌లో ముప్పై ఏళ్ళు అంట్లు తోమినా పరాయిదే. ఈ సంగతి మా కౌమ్ పెద్దలు తక్కువ మాట్లాడతారు. మాకైతే మాట్లాడాల్సిన సంగతే అనిపిస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ వాదించుకున్నది తల మీద కొంగు గురించి. మా అమ్మీల తరానికి చీర కొంగే పర్దా. తర్వాత బురఖా వచ్చింది. మాలో టీచరైన మనిషి హిజాబ్ కడుతుంది, మొహం కప్పుకోదు. ఫ్రాన్సులో బహిరంగ స్థలాల్లో మొహం కప్పుకోవడం 2011 ఏప్రిల్ నుంచి నిషేధం. తల కప్పుకుని వీధిలో నడవడానికి అడ్డు లేదు. వీసా ఫొటోకి కూడా మొహం పూర్తిగా కనబడితే మత ఆచారంగా తల కప్పుకోవచ్చు. కానీ అక్కడి సర్కారు బళ్ళో పిల్లలు 2004 నుంచి హిజాబ్‌తో కూర్చోకూడదు. టీచరు అసలే కట్టకూడదు. అంటే ఆమె పారిస్ చూడొచ్చు, పారిస్‌లో పాఠం చెప్పలేదు. 2022లో కర్ణాటకలో ఆడపిల్లల్ని కాలేజీ గేటు దగ్గర ఆపినప్పుడు ఇక్కడి స్టాఫ్‌రూములో ఆమె ఒక్కతే మౌనంగా కూర్చుంది. ఇంట్లో కొందరు తీసేసి వెళ్ళమంటున్నారు, ఎందుకొచ్చిన గొడవని. ఇంకొందరు అలాంటి దేశానికే వెళ్ళొద్దంటున్నారు. ఆమె రెండూ ఒప్పుకోలేదు. "కట్టుకోమని చెప్పేవాళ్ళూ, తీసెయ్యమని చెప్పేవాళ్ళూ అడగాల్సింది నన్ను" అంది. కట్టుకునే వెళ్తోంది. పారిస్‌లో 1926లో తెరిచిన పెద్ద మసీదు ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు కోసం చచ్చిపోయిన ముస్లిం సిపాయిల జ్ఞాపకంగా కట్టారు. శుక్రవారం నమాజుకి అక్కడికి వెళ్తాం. మర్నాడు లూవ్రకి.

కొర్దోబా ఎందుకని మిత్రులు అడిగారు. వీళ్ళు ప్రగతిశీలురు, మా పత్రికా స్నేహితులు. "యూరపు వెళ్ళి కూడా మసీదేనా?" అని నవ్వారు. ఎనిమిదో శతాబ్దంలో కట్టిన ఆ మసీదు 1236 తర్వాత చర్చి అయింది. లోపల వందల స్తంభాలు, ఎర్రవీ తెల్లవీ కమానులు అలాగే ఉన్నాయి. 1933లో ఇక్బాల్ అక్కడ నమాజు చదివాడు, దాని మీద ఉర్దూలో గొప్ప నజ్మ్ రాశాడు. ఇప్పుడు అక్కడ ముస్లింలు నమాజు చేయడానికి వీల్లేదు. టిక్కెట్టు కొనుక్కుని చూడాలి. 1992 డిసెంబరు 6 నాటికి మేం పిల్లలం. ఆ రోజు ఇళ్ళల్లో పెద్దలు రేడియో ముందు ఎలా కూర్చున్నారో చూశాం. చేతులు మారిన గుడీ మసీదూ ఏదైనా మాకు మామూలు చూపుకి అందదు. అయినా కొర్దోబా కూలిపోలేదు. ఒకరి కమానుల కింద ఇంకొకరి ప్రార్థన జరుగుతోంది. అది న్యాయమా అంటే కాదనే అంటాం. కానీ నిలబడి ఉన్నదాన్ని చూడాలనుంది. హిందువైన మిత్రుడు హంపీ వెళితే అది మతమని ఎవరూ అనరు. మేం కొర్దోబా వెళితే మాత్రం అనాలా?

ఖాలాకి ఇలా చెప్పాం: ఉమ్రా చేస్తాం, ఇన్షా అల్లాహ్. అది అల్లాహ్‌కీ మాకూ మధ్య బాకీ. ఈ ప్రయాణం మాకు మేము బాకీ. చెల్లెళ్ళ నిఖాలకీ, తమ్ముళ్ళ చదువులకీ, ఇంటి కప్పుకీ ఇచ్చిన ఇరవై ఏళ్ళలోంచి పది రాత్రులు తీసుకుంటున్నాం. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత హలాల్ దొరకకపోతే ఎలాగని అడిగింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో, పారిస్‌లో దొరుకుతుందన్నాం. నమ్మలేదు. చింతకాయ పచ్చడి సీసాలో పెట్టి ఇస్తానంది.

దరఖాస్తుతో పాటు ఒక ఉత్తరం కూడా జతచేయాలట, ఎందుకొస్తున్నామో చెబుతూ. ఇంగ్లీషులో రాయాల్సిన ఆ ఉత్తరాన్ని ముందు తెలుగులో అనుకున్నాం, తర్వాత ఉర్దూలో. మూడు భాషల్లోనూ ఒక్క వాక్యమే మిగిలింది. మాకు కొత్తగా నిఖా అయింది, మీ ఊళ్ళు చూడాలనుంది, చూసి మా ఊరు వచ్చేస్తాం. వచ్చే మంగళవారం హైదరాబాదులో వేలిముద్రలివ్వడానికి వెళ్తున్నాం. అమలాపురానికి రైలు లేదు కాబట్టి రాజమండ్రి దాకా బస్సులో వెళ్ళి అక్కడ రైలెక్కాలి.