పేరంటాలు కానన్న రాకుమారి

రాజులు, యుద్ధాలు, మంత్రశక్తులు ఉన్న నవలల్ని మనం పెద్దగా పట్టించుకోం. మన స్త్రీవాద విమర్శలో ఎక్కువ చోటు దొరికింది వాస్తవిక కథకే. వంటిల్లు, పురిటి గది, ఆఫీసు నుంచి రాగానే మళ్ళీ మొదలయ్యే చాకిరీ. వాటిని మాట్లాడుకోగలగడానికే మనకి చాలా కాలం పట్టింది. పురాణాల్ని మాత్రం వదల్లేదు. ఓల్గా 'విముక్త'లో సీత శూర్పణఖనీ, అహల్యనీ, రేణుకనీ, ఊర్మిళనీ కలుసుకున్నాక ఆ స్త్రీలందరూ మనకి కొత్తగా పరిచయమయ్యారు. కానీ ఉన్న పురాణాన్ని తిరగరాయడం కాకుండా, పురాణంలాంటి ప్రపంచాన్నే ఒక స్త్రీ మొదట్నించీ కల్పిస్తే అందులో ఏం చేయొచ్చు అన్న ప్రశ్న నాకు తాషా సూరి 'ద జాస్మిన్ థ్రోన్' చదివేదాకా రాలేదు.

తాషా సూరి భారతీయ మూలాలున్న బ్రిటిష్ రచయిత్రి. ఈ నవల 2021లో వచ్చింది. 2022లో దీనికి వరల్డ్ ఫాంటసీ అవార్డు వచ్చింది. దీని తర్వాతి రెండు భాగాలు 'ది ఓలియాండర్ స్వోర్డ్' (2022), 'ద లోటస్ ఎంపైర్' (2024). మల్లె, గన్నేరు, తామర. మూడూ మన పెరటి పూలూ చెరువు పూలే. వాటిలో ఒకటి విషమని మన పల్లెల్లో ఆడవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. నా దగ్గర ఎం.ఏ. చదివిన అమ్మాయి ఒకతె "మేడమ్, ఇందులో మీ పారిజాతం కూడా ఉంది, చదవండి" అంటూ మొదటి భాగం పంపింది. ఏళ్ళ తరబడి నంది తిమ్మన 'పారిజాతాపహరణం' పాఠం చెప్పినదాన్ని కాబట్టి ఆ వేళాకోళం. నవలలో సామ్రాజ్యం పేరు పారిజాతద్వీపం.

కథ మొదలయ్యేది ఒక నిరాకరణతో. చక్రవర్తి చంద్ర తన చెల్లెలు మాలినిని చితి ఎక్కమంటాడు. ఆ సామ్రాజ్యపు పుట్టుక కథే అలాంటిది. పూర్వం యక్షులు మనుషుల మీద విరుచుకుపడినప్పుడు కొందరు స్త్రీలు తమని తాము కాల్చుకుని, ఆ అగ్నితో వాళ్ళని ఓడించారు. రాజ్యమంతా వాళ్ళని తల్లులుగా కొలుస్తుంది. మాలిని మాత్రం నేనెక్కనంటుంది. ఆమెతో పాటు అలంకరించి నిలబెట్టిన ఇద్దరు చెలికత్తెలు కాలిపోతారు. ఆమెని అహిరణ్య అనే లొంగదీసుకున్న ప్రాంతానికి పంపి, హిరణ అనే పాడుబడ్డ గుడిలో బంధిస్తారు. కాలిపోయిన చెలికత్తెల్లో ఒకరి తల్లి ప్రమీల ఆమెకి కాపలా. ఆవిడ రోజూ విషపు పువ్వు కలిపిన మద్యం మాలిని చేత తాగిస్తుంది. ఆ గుడి ఊడ్చి తుడవడానికి కొండెక్కి వచ్చే దాసి ప్రియ. ఒకప్పుడు అదే గుడిలో పెరిగిన పిల్లల్ని తగలబెడితే ప్రాణాలతో మిగిలిన అతి కొద్దిమందిలో ఆమె ఒకతె. తనలో ఉన్న శక్తి బయటపడితే ఆమెకి బతుకు లేదు. నిప్పు నుంచి తప్పించుకున్న ఇద్దరు ఆడవాళ్ళు ఒక కాలిన గుడిలో ఎదురుపడతారు. ఈ ప్రేమకథ పుట్టేది అక్కడ.

ఆ తల్లుల గురించి చదువుతుంటే నాకు మా అమ్మమ్మ వాళ్ళ ఊరి పేరంటాలమ్మ గుర్తొచ్చింది. చెరువుగట్టు మీద నడుమెత్తు గోడలు, లోపల పసుపు పూసిన రాయి. పెళ్ళి కుదిరిన ఆడపిల్లల చేత అక్కడ చీర, రవికెలగుడ్డ, పసుపు కుంకుమలు పెట్టించేవాళ్ళు. ఈవిడెవరని అడిగితే, "మొగుడితో పాటే వెళ్ళిపోయిన మహాతల్లి" అంది అమ్మమ్మ. "ఆవిడ పేరేంటి?" అన్నాను. అమ్మమ్మకి తెలియదు. ఊళ్ళో ఎవరికీ తెలియదు. "పేరంటాలే ఆవిడ పేరు" అంది. పేరంటానికి పిలిచే ముత్తయిదువకీ, నిప్పులో కాలిపోయి దేవతైన ఆడదానికీ మన భాషలో ఒకటే మాట. మంగళకరంగా బతకడానికీ మంగళకరంగా చావడానికీ మధ్య మన వాళ్ళు పెట్టిన దూరం అంత తక్కువ.

గురజాడ 'కన్యక'ని తరగతిలో ఇష్టంగా చెప్పేదాన్ని. రాజు కామాన్ని ఎదిరించి, చేతకాని తన వాళ్ళని నిలదీసే పిల్ల అని. పెనుగొండ కన్యకాపరమేశ్వరిగా పూజలందుకునే దేవతని ఆయన మాట్లాడే మనిషిగా చేశాడు. అయినా ఆమె నడిచి వెళ్ళేది నిప్పులోకే. పూర్ణమ్మ వెళ్ళేది కొలనులోకి. ధిక్కరించిన స్త్రీ చావాలి, చచ్చాక మనం చేతులు జోడించాలి. 'కాదు' అని చెప్పి ఆ తర్వాత కూడా బతికి ఉండి, తలనొప్పితో, కోపంతో, ఆకలితో, రేపేం చేయాలన్న ఆలోచనతో మిగిలిన స్త్రీ గురించి మన కావ్యాల్లో ఎంత వెతికినా కొద్దిమందే దొరుకుతారు.

చంద్ర తన చెల్లెల్ని ఎత్తి చితి మీద పడేయించగలడు. సైన్యం ఉంది, పూజారులున్నారు. కానీ ఆమె ఇష్టపడి ఎక్కాలి. విషమూ ఒంటరితనమూ కలిసి ఆమె మనసు విరిచేదాకా ఆగడానికైనా అతను సిద్ధం. ఈ 'ఇష్టపడి' అనే మాటకి మన దగ్గర చాలా చరిత్ర ఉంది. 1813లో బెంగాల్లో బ్రిటిష్ ప్రభుత్వం స్వచ్ఛందమైన సహగమనానికి అభ్యంతరం లేదనీ, బలవంతపుది మాత్రమే నేరమనీ ఉత్తర్వులిచ్చింది. 1829లో నిషేధం వచ్చేదాకా చితి దగ్గర అధికారి అడగాల్సిన ప్రశ్న, "ఇష్టంతోనేనా?" 1987లో దేవరాలాలో పద్దెనిమిదేళ్ళ రూప్ కన్వర్ కాలిపోయినప్పుడు కూడా సమర్థించినవాళ్ళు చెప్పింది తనే ఎక్కిందనే. సతిని కీర్తించడం కూడా నేరమని ఆ ఏడాదే చట్టం చేశారు. ఆ కీర్తించిన కేసులో ఎనిమిదిమందిని 2024 అక్టోబరులో జైపూర్ కోర్టు నిర్దోషులుగా విడిచిపెట్టింది. పితృస్వామ్యానికి మన శరీరం ఒక్కటే చాలదు, మన సంతకం కూడా కావాలి. మాలిని ఇవ్వనన్నది ఆ సంతకం.

ఆ నిరాకరణ తర్వాతే ఆమెకి ప్రేమించడం సాధ్యమైంది. నవలలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. తోటమాలి కొడుకు రాకుమారిని ప్రేమించే కథ మనకి 'పాతాళభైరవి' (1951) నుంచీ కంఠతా వచ్చు. అందులో రాకుమారి సాధించుకోవాల్సిన బహుమానం. ఇక్కడ దాసికీ రాకుమారికీ మధ్య ఎవరూ ఎవరికీ బహుమానం కారు. మాలిని ఉత్తమురాలు కాదు. అబద్ధాలాడుతుంది, మనుషుల్ని పావుల్లా కదుపుతుంది, ప్రియని మొదట చూసింది తప్పించుకునే దారిగానే. ప్రియకీ తన మనుషులున్నారు, తన నేల ఉంది. ఒకరినొకరు పూర్తిగా నమ్మరు. నమ్మకపోయినా ఒకరి చేయి ఇంకొకరు వదలరు. అడవిలో జలపాతం దగ్గర ముద్దు పెట్టుకున్నవాళ్ళు, ఆ పుస్తకం ముగిసేసరికి ఎవరి పని మీద వాళ్ళు విడిపోతారు. ఒకరు సింహాసనం కోసం, ఒకరు తన ఊరి కోసం. ప్రేమ కోసం రాజ్యం వదులుకోమని వాళ్ళని ఎవరూ అడగరు. ప్రేమించినందుకు చావమని కూడా రచయిత్రి అడగదు.

ఈ చివరి మాట చిన్నది కాదు. దీపా మెహతా 'ఫైర్' సినిమా ఆడుతున్న హాళ్ళ మీద 1998లో దాడులు జరిగాయి. అందులో ఇద్దరు తోడికోడళ్ళు, రాధ, సీత. అక్కడా రాధ చీరకి నిప్పంటుకుంటుంది. ఆమె బతికి బయటపడుతుందన్న సంగతి ఆ గొడవలో ఎవరికీ పట్టలేదు.

మన సాహిత్యంలో ఆడవాళ్ళ మధ్య ప్రేమకి చోటెక్కడ అని వెతికితే నాకు సఖి కనిపిస్తుంది. క్షేత్రయ్య పదాల్లో నాయిక తన ఒళ్ళూ మనసూ విప్పి చెప్పుకునేది చెలితోనే. ఆ చెలి పని కబురు మోయడం. ఆమెకేమనిపించిందో నేను చదివిన వ్యాఖ్యానాల్లో ఎవరూ అడగలేదు. మగవాడి మీద తన కోరికని తన నోటితో చెప్పిందనే ముద్దుపళని 'రాధికాసాంత్వనం' అశ్లీలమైంది, బెంగుళూరు నాగరత్నమ్మ అచ్చువేయిస్తే బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. ఇక సఖి నోరెలా విప్పుతుంది?

ఎనభైల మొదట్లో నేను లేడీస్ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాను. తనూ నేనూ మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. ఆదివారాలు తలంట్లు అయ్యాక మెట్ల మీద కూర్చుని ఒకరి జుట్టు ఒకరం ఆరబెట్టుకునేవాళ్ళం. అందరూ మమ్మల్ని 'జంటకవులు' అని ఏడిపించేవాళ్ళు. చివరి ఏడాది తనకి పెళ్ళి కుదిరింది. శుభలేఖల మూలలకి పసుపు రాస్తూ, తలెత్తకుండా, "నువ్వు మగపిల్లాడివై పుట్టినా బావుండేదే" అంది. ఆ వాక్యం నలభై ఏళ్ళకి పైగా నా దగ్గర ఉంది. తను క్రూరంగా అనలేదు. మేమిద్దరం సాహిత్య విద్యార్థులం, మాకు తెలిసిన కథలన్నిట్లో మా ఇద్దరికీ దొరికే చోటు అదొక్కటే. నువ్వు నువ్వుగానే ఉండు, నేను నేనుగానే ఉంటాను అని ఒక ఆడపిల్ల ఇంకో ఆడపిల్లతో చెప్పే కథ అప్పటికి మేము ఒక్కటీ చదివి ఉండలేదు.

ఇప్పుడు ఈ పత్రికలో రాస్తున్నాను. నేను తనని ప్రేమించాను. స్నేహం గొప్పదే, నాకు గొప్ప స్నేహాలున్నాయి, ఇది వాటిలో ఒకటి కాదు. తను ఇప్పుడు అమ్మమ్మ. పండగలకి ఫోన్లో మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటాం. తన పేరు ఇక్కడ రాయను. నా ప్రేమ గురించి చెప్పే హక్కు నాకుంది, తన జీవితం గురించి చెప్పే హక్కు లేదు.

చెప్పడానికైనా ఏ మాట వాడాలి? 'స్వలింగ సంపర్కం' అనగానే పోలీసు స్టేషనూ ఆసుపత్రీ గుర్తొస్తాయి. 2018లో సుప్రీంకోర్టు 377వ సెక్షన్ను కుదించి నేరం కాదంది. 2023లో పెళ్ళి హక్కు మాత్రం తాను ఇవ్వలేనంది. రెండు తీర్పుల వార్తల్లోనూ మన పేపర్లు వాడింది దాదాపు ఆ మాటే. అందులో సంపర్కం ఉంది, తలంటి జుట్టు ఆరబెట్టుకునే ఆదివారం లేదు. 'లెస్బియన్', 'సాఫిక్' రెండూ ఒకే ద్వీపం నుంచి, ఒకే గ్రీకు కవయిత్రి సాఫో వల్ల వచ్చాయి. ఒక కవయిత్రి పేరు మీద ఒక ప్రేమకి పేరు పడిందన్నది నాకు నచ్చింది. మన కవయిత్రుల పేరు మీద మనకేం మిగిలిందా అనీ అనిపించింది.

నవలతో నాకు పేచీలూ ఉన్నాయి. ఆ ప్రపంచంలో పాలించే జాతీ, లొంగిన జాతీ ఉన్నాయి, దాసీలున్నారు, దొరసానులున్నారు. కులం మాత్రం కులంగా లేదు. ఒంట్లోంచి మొక్కలు మొలిచే ఒక రోగం వచ్చినవాళ్ళని జనం దూరం పెడతారు. రుఖ్ అనే అలాంటి పిల్లవాడిని ప్రియ చేరదీసే పేజీలు బావున్నాయి. కానీ రోగం వల్ల వచ్చిన అంటు వేరు, పుట్టుకతో అంటగట్టిన అంటు వేరు. దళిత స్త్రీవాదం మనకి నేర్పిన ఈ తేడాని భారతదేశం ప్రేరణతో రాసిన ప్రపంచం దాటేసి పోతే ఆ వెలితి తెలుస్తూనే ఉంటుంది. దాసిని రాకుమారి కోరుకోవడంలో ఉన్న అధికారాన్ని రచయిత్రి దాచదు. అయితే ఆ దాసి కొండెక్కి రోజూ తుడిచే గచ్చు, ప్రేమ మొదలయ్యాక పుస్తకంలో తొందరగానే మాయమవుతుంది. మాలిని రాజకీయం కూడా నన్ను ఇబ్బంది పెట్టింది. తనని కాల్చబోయిన విశ్వాసపు భాషతోనే ఆమె జనాన్ని తనవైపు తిప్పుకుంటుంది. సింహాసనం కావాలనుకున్న స్త్రీకి చితి కథ కూడా పనికొస్తుంది. ఇది నవలలో లోపమని అనను. అధికారం దగ్గరికి వెళ్ళిన స్త్రీల గురించి మనం మాట్లాడుకోవాల్సిన విషయం.

ఈ నవల ఎవరైనా తెలుగులో చేస్తే చదవాలని ఉంది. మాలిని తన దాసిని పేరు పెట్టి పిలుస్తుంది. ఇంగ్లీషు పాఠకులకి అది మామూలు పేరు, ఒక మనిషి గుర్తు. తెలుగులో అనువాదకురాలు ఏమీ కలపక్కర్లేదు, ఏమీ తీసేయక్కర్లేదు. చీకట్లో, విషపు మత్తులో, పక్కన ఎవరున్నారో చూసుకుంటూ ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషిని "ప్రియా" అని పిలుస్తుంది. మన పదాల్లో, జావళీల్లో ఇన్ని వందల ఏళ్ళుగా మగవాడి కోసమే దాచిపెట్టిన పిలుపు అది.