ఇద్దరు టీలు

కొరియాలో కుర్రకారు పరిచయమైతే పేరు, ఉద్యోగం అయ్యాక అడిగేది ఎంబీటీఐ, అంటే నాలుగక్షరాల వ్యక్తిత్వ టైపు. ఒకప్పుడు బ్లడ్ గ్రూపు అడిగేవాళ్లట, మన సంబంధాల్లో నక్షత్రం అడిగినట్టు. సువాన్‌లో మా ఆఫీసు క్యాంటీన్లో ఒక పరీక్ష తెగ నడిచింది. ‘మనసేం బాగోలేక బ్రెడ్డు కొనుక్కున్నా’ అని ఊరుకుంటారు. ‘అయ్యో, ఏమైంది?’ అంటే నువ్వు ఎఫ్, అనుభూతి మనిషివి. ‘ఏ బ్రెడ్డు?’ అంటే టీ, తర్కం మనిషివి. సరదాగానే ఉంటుంది గానీ, ఇద్దరు టీలలో ఎవరు ఎలాంటివాళ్లో తేల్చడానికి ఆ బ్రెడ్డు చాలదు.

మా టీమ్‌లో అలాంటి ఇద్దరున్నారు. ఇద్దరూ మితభాషులే. హ్వేసిక్ అనే ఆఫీసు విందు ఉందంటే ఇద్దరూ మొహం చాటేస్తారు. ఒకతను ఐఎన్‌టీజే, ఇంకొకతను ఐఎన్‌టీపీ. తేడా చివరి అక్షరమే కదా, ఇంచుమించు ఒకే రకం అనుకుంటారు అందరూ.

ఈ టైపులకు మూలమైన మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్ లెక్క వేరు. 1921లో వచ్చిన ‘సైకలాజికల్ టైప్స్’లో ఆయన తర్కం, అనుభూతి, ఇంద్రియానుభవం, అంతర్దృష్టి అని నాలుగు చెప్పాడు. ఒక్కొక్కటీ లోపలికైనా తిరుగుతుంది, బయటికైనా తిరుగుతుంది. అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ దాన్ని ఎంబీటీఐ ప్రశ్నాపత్రంగా మలిచి 16 టైపులు చేశారు. జే, పీ అక్షరాలు వాళ్లు చేర్చినవే. మెలిక అక్కడే ఉంది. ఆ అక్షరం మనిషి బయటి ప్రపంచానికి చూపే ముఖాన్ని చెబుతుంది. అంతర్ముఖుడి అసలు బలమేమో లోపలుంటుంది. అందుకే ఐఎన్‌టీపీని నడిపేది లోపలి తర్కం, ఐఎన్‌టీజేని నడిపేది లోపలి అంతర్దృష్టి. ఒక్కొక్కరికీ వరసగా చెప్పే నాలుగింటిని, లోపలికా బయటికా అన్న దిశతో సహా చూస్తే, ఈ ఇద్దరికీ ఉమ్మడిది ఒక్కటీ లేదు!

సాఫ్ట్‌వేర్ రిలీజు ముందు ఏదైనా విరిగినప్పుడు చూడాలి వీళ్లని. ఐఎన్‌టీజే ముందు ముగింపుతో వస్తాడు: ఈ మాడ్యూల్ తీసెయ్యాలి, లేకపోతే ముందు ముందు మనల్ని ఇదే ముంచుతుంది. ఎందుకని అడిగితే వెంటనే చెప్పలేడు. ఈలోపే ఎవరు చేయాలి, ఎప్పటికల్లా కావాలి అని పని పంచేస్తుంటాడు. రెండో అతను ‘టైమౌట్ అంటే మనందరం ఒకటే అనుకుంటున్నామా?’ అని మొదలుపెడతాడు. ఒక కారణం అడిగితే నాలుగు చెప్పి, అందులో రెండు తనే కొట్టేస్తాడు. బగ్ పోయాక అందరం బ్యాగులు సర్దుకుంటుంటే, అది ఎందుకు పోయిందో తేలలేదని కుర్చీ వదలడు. బల్ల మీద కాగితాల గుట్ట చూసి పీ అంటారు సరే, తలలో మాత్రం ఒక్క కాగితం పక్కకి జరగనివ్వడు.

ఇదంతా శాస్త్రమని నేననను. మనస్తత్వ పరిశోధకుల్లో చాలామందికి ఈ పరీక్ష మీద నమ్మకం లేదు. మనుషులకు చీటీలు అంటించే పనిని యుంగే పిల్లల ఆటగా తీసిపారేశాడు. పైగా ఇక్కడ ఫోన్లలో అందరూ చేసే ఉచిత పరీక్ష ఈ లోపలి, బయటి తేడాల జోలికే పోదు. ఆ అక్షరాలు చూసి ఉద్యోగాలివ్వొద్దని ఎంబీటీఐ వాళ్లే చెబుతున్నా, కొన్ని కొరియా ఉద్యోగ ప్రకటనల్లో టైపు అడిగిన సంగతి వార్తలకెక్కింది. నాకైతే ఇది పనికొచ్చేది ఒక్కచోటే: ఒకతని దగ్గరికి తేదీలతో వెళ్తాను, రెండో అతని దగ్గరికి లాగ్‌లతో.

మొన్న కొత్తగా చేరిన తెలుగబ్బాయి, ‘అన్నా, నన్ను కూడా ఐఎన్‌టీ అంటోంది, చివరక్షరం రోజుకోటి వస్తోంది. నేనేంటంటావ్?’ అన్నాడు.

‘అది పక్కన పెట్టు, నిన్నటి బగ్ ఎలా పట్టుకున్నావో మొదట్నుంచీ చెప్పు’ అన్నాను.