ఊపిరికి కాపలా

1973 నవంబరు 27 సాయంకాలం, ఆనాటి బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో విధులు ముగించుకున్న అరుణా షాన్‌బాగ్ అనే నర్సుపై అక్కడే పనిచేసే పారిశుద్ధ్య కార్మికుడొకడు దాడి చేసి, కుక్క గొలుసుతో మెడ బిగించాడు. మరునాటి ఉదయం ఆమె కనబడేసరికి, ప్రాణవాయువు అందక మెదడు తీవ్రంగా దెబ్బతిని ఉన్నది. కర్ణాటకలోని హల్దీపూర్‌నుంచి వచ్చిన ఆమెకు అప్పుడు పాతికేళ్ళు. ఆ తరువాత ఆమె మంచం దిగలేదు. అయినా 2015 మే 18 వరకు, అంటే ఇంచుమించు 42 ఏళ్ళు, జీవించింది.

దేశానికి ఆమె పేరు తెలిసింది కారుణ్య మరణాన్ని గురించిన వివాదం వల్ల. ఆ వాదోపవాదాల నడుమ ఒక చిన్న ప్రశ్న మరుగున పడిపోయింది. అన్నేళ్ళు ఆమె ఎట్లా బ్రతికింది?

మెదడుకు పెద్ద దెబ్బ తగిలిన రోగికి అసలు గండం చాలాసార్లు ఊపిరితిత్తులలో పొంచి ఉంటుంది. అన్నం మెతుకో, నీటిబొట్టో దారి తప్పితే మనకు పొలమారుతుంది. ఎవరో తలచుకుంటున్నారంటూ పెద్దవాళ్ళు నెత్తిన తట్టుతారు. ఇంగ్లీషు వైద్యులు ఈ దారి తప్పడానికి వాడే మాటకు 'ఆకాంక్ష' అన్న అర్థం కూడా ఉన్నది; అనువాదకులకు అదొక చిక్కు. మన మాటే నయం. పొలమారడమంటే దేహం మేలుకొని ఉన్నదనే అర్థం. మింగడాన్నీ దగ్గునూ నడిపే మెదడు భాగాలు దెబ్బతిన్న రోగికి పొలమారదు. ప్రమాదమంతా అందులోనే ఉన్నది. నోటిలోని క్రిములతో నిండిన లాలాజలం చప్పుడు లేకుండా శ్వాసనాళంలోకి జారుతుంది. కదలక పడుకున్న మనిషి ఛాతీలో కఫం పేరుకుంటుంది. పిదప జ్వరం, ఆయాసం, న్యుమోనియా.

దీనికి విరుగుడు గొప్ప యంత్రమేమీ కాదు. తల ఎత్తుగా ఉంచి, ఒక్కొక్క చెంచా మ్రింగినదాకా వేచి, అప్పుడు మరొకటి పెట్టాలి. తిన్న వెంటనే పడుకోబెట్టరాదు. పళ్ళు, నాలుక ప్రతిదినం శుభ్రం చేయాలి. రెండేసి గంటలకు పక్క మార్చాలి. కఫం గొంతులో గురగురమంటే యంత్రంతో లాగివేయాలి. రోడ్డు ప్రమాదంలో మెదడు దెబ్బతిన్న కొడుకును ఇంటికి తెచ్చుకున్న తల్లికి మందుల చీటీతోపాటు ఈ నాలుగు మాటలూ చెప్పి పంపే తీరిక ఎందరికున్నది?

కె.ఇ.ఎం. నర్సులు తమ తోటి నర్సుకు ఈ పనులు తరాలు మారినా మానలేదు. మెత్తగా చేసిన ఆహారాన్ని ఏళ్ళ తరబడి నోటితోనే పెట్టారు. ఆమెకు ఆహారం ఆపివేయాలని కోరుతూ రచయిత్రి పింకీ విరానీ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2011 మార్చి 7న తోసిపుచ్చింది. అన్నేళ్ళ మంచంలో ఒక్క పడక పుండు కూడా లేదని ఆ తీర్పులో నమోదయింది. అట్లా బ్రతకడం ఆమెకు మేలా, కీడా అన్న ప్రశ్న దీనితో తీరదు. సేవ గొప్పదైనంత మాత్రాన ఆ ప్రశ్న అడిగినవారు నిర్దయులూ కారు.

2010లో జబ్బుచేసి నోటి ఆహారం తగ్గినప్పుడు ముక్కుగుండా గొట్టం వేశారు. అయితే గొట్టం అన్నాన్ని దారిలో పెట్టగలదే గాని, లాలాజలాన్ని ఆపలేదు. 2015 మే నెలలో న్యుమోనియా రానే వచ్చింది. వెంటిలేటర్ అమర్చారు. కొద్ది రోజులకే, ఆమె ఒకనాడు ఉద్యోగం చేసిన ఆ ఆసుపత్రిలోనే, ఊపిరి ఆగిపోయింది.