నాలుగు చిన్న కణాలు

మాది వడమాలపేట. పక్కనే పుత్తూరు. కాలు విరిగినా చెయ్యి విరిగినా కట్టు కోసం ఎక్కడెక్కడి వాళ్ళో అక్కడికి వస్తారు. అందుకే విశాఖలో నేను సీ అర్చిన్లనే ముళ్ళ సముద్రజీవుల అస్థిపంజరం ఎట్లా పుడుతుందో చూస్తానంటే, మా మామ అడిగే మాట ఒకటే: “దాంతో మన ఎముకలు అతుక్కుంటాయా?”

అతుక్కోవు మామా. మన ఎముకది కాల్షియం ఫాస్ఫేట్, దానిది సున్నపురాయి సరుకు. కానీ నత్తలకన్నా, ఈగలకన్నా అది మనకు దగ్గర చుట్టం.

సముద్రం వెనక్కి తీసినప్పుడు సీ అర్చిన్లు రాళ్ళ సందుల్లో నల్లటి ముళ్ళతో దొరుకుతాయి. నోటి చుట్టూ ఉండే మెత్తటి పొరలోకి పొటాషియం క్లోరైడ్ ఎక్కిస్తే, పైనున్న అయిదు రంధ్రాల్లోంచి గుడ్లో వీర్యమో కారుతుంది. వీర్యాన్ని నీళ్ళు తగలనీయకుండా మంచుమీద ఉంచుతాను. కలిపేటప్పుడు బాగా పలచన చెయ్యాలి, లేకుంటే ఒకే గుడ్డులోకి రెండు మూడు శుక్రకణాలు దూరి పిండం చెడిపోతుంది. నిమిషంలో గుడ్డు చుట్టూ పొర లేస్తుంది. నూటికి తొంభైకి పైగా లేస్తేనే ఆ రోజు పని సాగిస్తాను. పుస్తకాల్లో కనిపించే కాలిఫోర్నియా సీ అర్చిన్ జాతిని 15 డిగ్రీల దగ్గర పెంచుతారు. మన నీళ్ళు వెచ్చన, పిండం పరుగెడుతుంది. ఆ పుస్తకాల్లోని వేళలు ఇక్కడ పనికిరావు, మన వేళలు మనమే రాసుకోవాలి.

పిండం 16 కణాలయ్యేసరికి ఒక కొసన నాలుగు చిన్నవి కనిపిస్తాయి. లార్వా అస్థిపంజరాన్ని కట్టేది వాటి సంతానమే. పోలరైజ్డ్ వెలుతురు కింద ఆ అస్థిపంజరపు మూడు కొమ్మల సున్నపు పుల్ల తళుక్కుమన్నప్పుడు, ఎన్ని రాత్రులు మేల్కొన్నా నాకు నిద్ర రాదు.

సీ అర్చిన్‌కు చుట్టమైన నక్షత్రచేప లార్వాకు ఈ పుల్లలు లేవు. పెద్దదైనాక మాత్రం గట్టి పలకలు వస్తాయి. 2008లో శాస్త్రవేత్తలు ఫెంగ్ గావో, ఎరిక్ డేవిడ్‌సన్ రెండింటి జన్యువుల్నీ పోల్చి చూపారు: పెద్ద వయసులో అస్థిపంజరాన్ని కట్టే జన్యువుల జట్టే సీ అర్చిన్లలో చిన్నతనంలో కూడా పనిచేయడం మొదలుపెట్టింది. కొత్త జన్యువు పుట్టకుండానే, పాత పనికి వేళ మారితే కొత్త రూపం వస్తుంది. పరిణామంలో నన్ను కట్టిపడేసింది ఇదే.

మరి ఆ వేళ ఎట్లా మారింది? దానికి ఆధారం సీ అర్చిన్లలో పాత శాఖలో దొరకొచ్చు, అది పెన్సిల్ అర్చిన్లది. వాటి పిండంలో చిన్న కణాలు ఎప్పుడూ నాలుగే ఉండవు, ఒక్కోసారి ఒకటో రెండో. అవి వలలో పడితే సముద్రపు నీళ్ళలోనే ఉంచి కబురు చెయ్యమని జాలరన్నలకు చెప్పిపెట్టాను.