సముద్రపు రంగు రాయి



గత నెల ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, మా సంఘములోని ఒక అమ్మ కొంగు ముడి విప్పి ఒక లాకెట్ మా చేతిలో పెట్టింది. లేత నీలిరంగు రాయి, చుట్టూ వెండి తీగ. కోడలు తన చేత్తోనే అల్లిందట.

"అయ్యగారూ, చిన్నోడు ఓడ మీద పనికి పోతన్నాడు. ఈ రాయి మెళ్లో ఉంటే సముద్రం ఏమీ చెయ్యదంట. దీని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యండి" అంది.

మేము ఆలోచించకుండానే, నలుగురూ వింటుండగా, "రాయిని నమ్ముకున్నావా, దేవుణ్ణి నమ్ముకున్నావా?" అన్నాము. ఆమె మారుమాట లేకుండా లాకెట్ తీసుకొని వెళ్లిపోయింది.

ఆ రాత్రి ఆ రాయిని గూర్చి చదివాము. పేరు ఆక్వామెరీన్. లాటిన్ భాషలో సముద్రపు నీరు అని అర్థం. మనం పచ్చ అనే రాయీ, ఇదీ ఒకే జాతి. రెండూ బెరిల్ అనే ఖనిజమే. అందులో కాస్త ఇనుము చేరితే ఈ నీలం, క్రోమియం చేరితే ఆ పచ్చదనం. రోమా రచయిత ప్లినీ బెరిల్ రాళ్లు ఎక్కువగా హిందూదేశం నుండే వస్తాయని రాశాడు. తమిళనాడులో కాంగేయం దగ్గరి పడియూరులో వీటి పాత గనులున్నాయి. దీన్ని వెంట ఉంచుకుంటే అలలు శాంతిస్తాయని పూర్వపు నావికులు నమ్మేవారట. సముద్రకన్యల నిధి పెట్టెలో నుండి ఒడ్డుకు కొట్టుకొచ్చిందని పడమటి దేశాల్లో కథ. ప్రకటన గ్రంథము 21వ అధ్యాయములో పరిశుద్ధ పట్టణపు ఎనిమిదవ పునాదికి గ్రీకులో ఉన్న మాట కూడా బెరిల్లే. మన తెలుగు బైబిలులో గోమేధికము అని చదువుతాము. దేవుడు దాన్ని పునాదిలో ఉంచాడు గాని సింహాసనం మీద కూర్చోబెట్టలేదు.

ప్రసంగానికి మంచి మాట దొరికింది గాని మాకు నిద్ర పట్టలేదు. రెండేళ్ల క్రితం మా పాపకు జ్వరం ఎక్కువైన రాత్రి మేము బైబిలు తీసి తన తలగడ కింద పెట్టాము. తెరవలేదు, చదవలేదు. ఆ రాత్రి మా చేతిలో బైబిలు కూడా తాయెత్తే అయ్యింది. మమ్మల్ని ఎవరూ నలుగురిలో అడగలేదు, అంతే తేడా. ఆ అమ్మ తన భయాన్ని రాయితో సహా దేవుని మందిరానికే తెచ్చింది. మేము రాయిని చూశాము, భయాన్ని చూడలేదు.

మరునాడు వాళ్ల ఇంటికి వెళ్లి "తప్పు మాదమ్మా" అన్నాము. ఆమె ఏడ్చింది. ఆ అబ్బాయి మోకరించాడు. వాని తల మీద చెయ్యి ఉంచి, గాలిని సముద్రాన్ని గద్దించిన ప్రభువు పేరట ప్రార్థించాము. లేచాక ఆమె లాకెట్ వాని మెడలో వేసి, "ఇది చూసినప్పుడల్లా అమ్మ మోకాళ్ల మీద ఉందని గుర్తు పెట్టుకో నాయనా" అంది. దానికి మేము ఆమేన్ అన్నాము.

ప్రియులారా, గుమ్మానికి కట్టిన సిలువ గాని, బీరువాలోని నూనె సీసా గాని, దేన్ని మనం ఏ మనసుతో పట్టుకున్నామో పరీక్షించుకుందాము. ఈ వారమే ఆ బిడ్డ ఓడ ఎక్కుతున్నాడు. మీ కుటుంబ ప్రార్థనలో వాణ్ణి, వాని తల్లిని జ్ఞాపకము చేసుకోండి.