మూడడుగుల తలుపు

ఇల్లు కట్టించే ప్రతివాడికీ జన్మలో ఒక్కసారి కాలు విరగాలని నా కోరిక. ప్రాణం మీదికి రానక్కర్లేదు, అవిటితనం మిగలక్కర్లేదు, ఓ నాలుగు నెలలు వాకర్ పట్టుకుని ఇంట్లో తిరిగితే చాలు. ఇంజనీరుకీ, మేస్త్రీకీ, వడ్రంగికీ, వాస్తు పండితుడికీ, వీళ్ళందరికంటే ముందు ప్లాను కాగితం మీద పెన్సిలు పట్టుకుని వంగే ఇంటి పెద్దలకీ. శాపం అనుకోకండి. శిక్షణ అనుకోండి.

మావారికి తొడ ఎముక విరిగింది. రాంగు రూటులో వచ్చిన మోటారు సైకిలు పుణ్యం. కుడి మణికట్టు కూడా చిట్లింది. ఆ కథ నేను చెప్పను. పరామర్శకి వచ్చినవాళ్ళందరికీ ఆయనే చెప్పారు, చెప్పగా చెప్పగా దానికో తీరు వచ్చింది, ఎక్కడ ఆగాలో ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా కుదిరిపోయింది. తొడ ఎముక మధ్యలో మూలుగ ఉండే గొట్టంలోకి పొడుగాటి రాడ్డు దించి, పైనా కిందా స్క్రూలు బిగించారు. 1940 ప్రాంతంలో కుంట్షర్ అనే జర్మన్ డాక్టరు తెచ్చిన పద్ధతిట ఇది. అంతకుముందు తొడ విరిగితే కాలికి బరువు వేలాడగట్టి నెలల తరబడి మంచానికి అప్పగించేవాళ్ళు. ఇప్పుడు ఆపరేషనైన మర్నాడే లేపి కూర్చోబెడుతున్నారు, తొందరగా ఇంటికి పంపేస్తున్నారు. అంటే అసలు వైద్యమంతా జరిగేది ఇంట్లోనే. ఆ సంగతి ఇల్లు కట్టినవాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆస్పత్రిలో ఫిజియోథెరపీ కుర్రాడు ఓ సూత్రం నేర్పించాడు. మెట్టు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు దెబ్బకాలు ముందు. ఎక్కాలంటే ఒళ్ళంతా పైకి లాగే బలం కావాలి, అది మంచికాలికే ఉంటుంది. మావారు బ్యాంకులో పనిచేసిన మనిషి, సర్క్యులర్ వచ్చిందంటే అక్షరం తప్పరు. వీధి మెట్లు ఐదూ ఎదురింటి కుర్రాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకొచ్చారు. గడప దగ్గర వాకర్ అందించాం. ఎడమకాలు ఎత్తబోయారు. లోపల్నుంచి మా అత్తగారు, "కుడికాలు పెట్టి రా నాయనా, చావు తప్పి ఇంటికొస్తున్నావు" అంది. విరిగింది కుడికాలు. అది నేలమీద బొటనవేలు ఆనించడానికి తప్ప బరువు మోపడానికి లేదు. వాకర్ మీద వేలాడుతూ ఆయన నా వంక చూశారు, నేను అత్తగారి వంక చూశాను, వెనకాల కుర్రాళ్ళు నవ్వాపుకుంటున్నారు. చివరికి కుడికాలి బొటనవేలు గడప అవతల గాలిలో ఓసారి ఆడించి, వెనక్కి తీసుకుని, ఎడమకాలితో లోపలికొచ్చారు. అత్తగారూ తృప్తిపడింది, సర్క్యులరూ దక్కింది.

వీధి గడప మీద నాకు కోపం లేదు. దానికి పసుపు రాస్తాం, కుంకుమ బొట్లు పెడతాం, సంక్రాంతికి పైన మామిడాకులు కడతాం. దానికో హోదా ఉంది. నా కసంతా బాత్రూం గడప మీద. నీళ్ళు బయటికి రాకుండా అడ్డమట. నేల కాస్త వాటంగా పోస్తే నీళ్ళు ఎటు పోవాలో అటే పోతాయి కదా! మా బాత్రూం నేల గదికంటే రెండంగుళాలు పల్లం, మధ్యలో నల్ల గ్రానైటు గట్టు మరో రెండంగుళాలు. పడకగదిలోంచి వెళ్ళాలంటే రెండంగుళాలు ఎక్కి నాలుగంగుళాలు దిగాలి. మంచికాలు, దెబ్బకాలు, మళ్ళీ వచ్చేటప్పుడు నాలుగు ఎక్కి రెండు దిగడం. అర్ధరాత్రి రెండింటికి నిద్రకళ్ళతో ఆ లెక్క వేసి చూడండి.

ఇక తలుపు. స్నానాలగదే కదా అని రెండున్నర అడుగుల ద్వారబంధం పెట్టారు. 30 అంగుళాలు. రెండువైపులా కొయ్య మందం పోగా 25. తెరిచిన తలుపు తన మందం తాను మింగితే మిగిలింది 24. అద్దెకి తెచ్చిన చక్రాల కుర్చీ అడ్డం 26. ఈ రెండంగుళాల గురించి నేను ఎంతసేపైనా మాట్లాడగలను, మా చుట్టాలని అడగండి, చెబుతారు. చక్రాల కుర్చీ హాయిగా తిరగడానికి తలుపు 900 మిల్లీమీటర్లు ఉండాలని సర్కారు కొలతలే చెబుతున్నాయి. అంటే ఇంచుమించు మూడడుగులు. 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం కూడా వచ్చింది. జనం వచ్చిపోయే భవనాల గురించి అందులో గట్టిగానే రాశారు. మన బాత్రూం దాకా అది నడిచి రాదు.

ఇల్లు కట్టేటప్పుడు నేను మూడడుగులే అడిగాను. కాళ్ళు విరుగుతాయని కాదు, వాషింగ్ మెషీన్ లోపల పెట్టుకుందామని. మా బావగారు స్కేలు చేతిలో పట్టుకుని, "స్నానాలగదికి మూడడుగుల తలుపు దేనికమ్మా, ఏనుగు గానీ స్నానం చేస్తుందా?" అన్నారు. మేస్త్రీ నవ్వాడు. మావారూ నవ్వారు, అది నేను మర్చిపోలేదు. మూడడుగులు అడిగి వామనుడు ముల్లోకాలూ పట్టుకుపోయాడు, నాకు ఓ తలుపు దక్కలేదు. అంతటితో ఆగారా బావగారు? ద్వారాలు సరిసంఖ్యలో ఉండాలని పెరటి గుమ్మం మూయించేశారు. ఆ ఇంటికి మెట్లు లేకుండా బయటపడే దారి అదొక్కటే! అక్కడిప్పుడు గోడ ఉంది, గోడకి తిరుపతి క్యాలెండరు ఉంది. ఎక్స్‌రేకి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా ఐదు మెట్ల మీదుగా ఇద్దరు మనుషుల్ని బతిమాలి దింపించుకునేటప్పుడు, ఆ క్యాలెండరు వంక చూసి దణ్ణం పెట్టాలో ఏం పెట్టాలో తోచేది కాదు.

బావగారు చూడ్డానికి వచ్చారు, రాకేం. ఆపిల్ పళ్ళు తెచ్చారు. "ధైర్యంగా ఉండాలమ్మా" అన్నారు. కాసేపాగి చేతులు కడుక్కోడానికి బాత్రూం వైపు వెళ్ళి, "తలుపేదీ?" అని అడిగారు. తలుపు లేదు. వడ్రంగిని పిలిచి ఊడదీయించేశాను. అంగుళం మిగిలింది, కమోడ్ కుర్చీ చక్రాలు కాస్త ఏటవాలుగా తిప్పితే లోపలికి పోతోంది. తలుపు బదులు పాత చీర కర్టెన్. ముప్ఫయ్యేళ్ళు అద్దాల క్యాబిన్‌లో కూర్చున్న మనిషి, ఇప్పుడు నా నీలం వెంకటగిరి చీర వెనక కూర్చుని, హాల్లో అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా గట్టిగా దగ్గుతారు. జలుబు లేని దగ్గు. ఇదంతా నేను బావగారితో అనలేదు. "ఏనుగు కోసం తీయించానండీ" అని మాత్రం అన్నాను.

పరామర్శల గురించి ఎక్కువ చెప్పను, అందరూ పడ్డదే. పుత్తూరు కట్టు కట్టించమని సలహా ఇవ్వనివాళ్ళు లేరు. గుడ్డు తెల్లసొన, ఆకుపసరు, వెదురుబద్దలు, అదంతా నాకూ తెలుసు, మా పుట్టింటి వైపు ఇద్దరు కట్టించుకున్నారు కూడా. కానీ లోపల రాడ్డు బిగించాక పైన బద్దలు దేనికి? అయినా తలూపాలి, కాఫీ ఇవ్వాలి. నల్లేరు పచ్చడి మాత్రం చేశాను. నల్లేరు కణుపులు నారతీసి, చేతులకి నూనె రాసుకుని, దోరగా వేయించకపోతే నోరంతా దురద. మావారు లొట్టలేసుకుంటూ తిన్నారు. ఎముక అతికింది నల్లేరు వల్లా, కాల్షియం బిళ్ళల వల్లా అని నేను తగువు పడదలుచుకోలేదు.

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ నాకు పేరు లేదు. "పేషెంటు తాలూకు ఎవరమ్మా?" అంటే నేనే. ఇంటికొచ్చాక నర్సునీ నేనే. రక్తం గడ్డకట్టకుండా పొట్టలో పొడిచే ఇంజెక్షను నేర్చుకున్నాను. మంచపు పుళ్ళు పడకుండా రాత్రిళ్ళు కూడా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలన్నారు, తిప్పాను. 2020లో ఓ ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు, మంచాన పడ్డ అమ్మాయిని చూసుకోడానికి ఒకరు చాలరు, ఇద్దరు అటెండెంట్లు కావాలని లెక్కకట్టి పరిహారంలో చేర్పించింది. కోర్టుకి తెలిసింది మా బంధువర్గానికి తెలియలేదు. ఎదురుగా కూర్చుని ఆపిల్ తింటూ, "నువ్వున్నావు కాబట్టి ఆయనకేం లోటమ్మా" అంటారు. ఆయనేమో మంచం మీంచి ఇల్లంతా ఏలుతున్నారు. ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియని మనిషి, "ఇదిగో, కుక్కర్ మూడో విజిలైంది, కట్టెయ్" అంటారు. పాలవాడు ఏడు నిమిషాలు ఆలస్యంగా వచ్చాడని ఆయనే చెబుతారు.

మా తాతయ్యకి కాలు విరిగినప్పుడు ఈ గొడవలేవీ లేవు. అసలు ఆయన్ని లోపలికే తీసుకురాలేదు. రేపల్లె దగ్గర పల్లెటూరు. ఎద్దుబండి మీంచి జారిపడ్డాడు. వీధి అరుగు మీద, తాటాకు పంచ కింద నులకమంచం వేసి పడుకోబెట్టారు. అరుగుకి తలుపుండదు, ద్వారబంధం ఉండదు. పరామర్శ కూడా వీధిలోనే అయిపోయేది. పొలం వెళ్ళేవాడు పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి అరుగంచున కూర్చుని చుట్ట కాల్చి పోయేవాడు. కాఫీలు లేవు. అమ్మమ్మ ఎంత చాకిరీ చేసిందో ఆ వీధిలో ఎవరూ అడగలేదు, అదీ నిజమే. కానీ తాతయ్య మాత్రం మనుషుల మధ్యే ఉన్నాడు. మధ్యాహ్నం బడి వదిలాక పిల్లలం అక్కడే.

ఆ అరుగు నాపరాయి మీద పులిజూదం గీతలు చెక్కి ఉండేవి. ఎవరు చెక్కారో తాతయ్యకీ తెలియదు, ఆయన తాతల నాటివిట. మూడు పులులు, పదిహేను మేకలు. పులులకి గులకరాళ్ళు, మేకలకి చింతపిక్కలు. తాతయ్య మంచం మీంచి చెయ్యి కిందికి వేలాడేసి ఆడేవాడు, ఎప్పుడూ మేకలే తీసుకునేవాడు. పులులు తీసుకున్న పిల్లాడికి మొదట్లో మహా ఉత్సాహం, దూకి దూకి నాలుగు మేకల్ని తినేస్తాడు. తాతయ్య ఏమీ అనడు. అంచుల వెంట ఒక్కో పిక్కా పెట్టుకుంటూ పోతాడు, మేక వెనక మేక ఉండేలా, పులికి దూకే జాగా లేకుండా. కాసేపటికి మూడు పులులూ మూడు మూలల ఇరుక్కుని కూర్చునేవి. ఐదు పోయినా గెలవచ్చు, ఆరు పోతే కష్టం అనేవాడు.

మా ఆడపడుచు వాళ్ళ వైపు, పదిహేను మేకలూ పెట్టకముందే పెట్టిన మేకని కదపొచ్చంటారు. అదేం ఆట? అలా అయితే పులి ఆడేవాడికి మిగిలేదేమిటి? చివరి పిక్క పడేదాకా మేక కదలకూడదు, పులి మాత్రం ఎప్పుడైనా దూకొచ్చు. మా ఊళ్ళో అదే పద్ధతి. కాదనేవాళ్ళు కృష్ణ దాటి అవతలిగట్టు వాళ్ళతో ఆడుకోవచ్చు, నేను మాత్రం రాను.